నిషేధము సరే, డబ్బా యేది?

మన ప్రభుత్వములకు నిప్పు భయ మెప్పుడు పుట్టునో చెప్పుటకు జ్యోతిష్కు డక్కరలేదు. ఎవరో ఒకరు దగ్ధమైన మరునాడు పుట్టును. మూడవ పక్షము నాటికి చల్లారును. 2019 నవంబరు 4వ తేదీన హైదరాబాదు చెంతనున్న అబ్దుల్లాపూర్‌మెట్టులో ఒక తహసీలుదారు, తన కచేరిలోనే, పట్టపగలు, ఒకడు తెచ్చి కుమ్మరించిన పెట్రోలుకు ఆహుతి యైనది. ఆమెను కాపాడబోయిన డ్రైవరును ఆ కాలిన గాయములతోనే మరణించెను. వెంటనే ఆజ్ఞలు బయలుదేరినవి: సీసాలలో పెట్రోలు పోయరాదు, క్యానులలో పోయరాదు. కొన్ని నెలలు గడచునప్పటికి బంకు గోడలపై ఆ కాగితములు వెలిసిపోయినవి. మరల 2024 మే నెలలో, ఎన్నికల పోలింగు ముగిసి పల్నాటి పల్లెలలో పెట్రోలు బాంబులు దొరికినప్పుడు, అవే ఆజ్ఞలు, అవే కాగితములు. ఓట్ల లెక్కింపు ముగిసినది, కాగితములును చినిగిపోయినవి.

కల్లోల దినములలో ఇట్టి తాత్కాలిక నిర్బంధమును మేము ఆక్షేపింపము. ఊరు మండుచున్నప్పుడు అగ్గిపెట్టె దాచుట తప్పు కాదు. కాని మంట చల్లారిన పిమ్మట ప్రజ ఏ పాత్రలో ఇంధనము తెచ్చుకొనవలయును? ఈ ప్రశ్నను అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు. పొలములో పవరు స్ప్రేయరు నడుపు రైతు తన స్ప్రేయరును నెత్తిన పెట్టుకొని ఆరు మైళ్ళ దూరములోని బంకునకు నడచిపోవలయునా? కలుపు తీయు యంత్రమును, నీళ్ళు తోడు ఇంజనును, పెండ్లిపందిరి జనరేటరును బండిపై నెక్కించుకొని పోవుట సాధ్యమా? కాకినాడ తీరమున, నిజాంపట్టణము రేవున మరపడవలవారు సముద్రమును బంకు ముంగిటికి తెత్తురా? వీరందరికిని ఇంధనము చేతితో మోయదగిన పాత్రలోనే రావలయును, వచ్చుచున్నది కూడ. నిషేధము వలన ఆ రాకపోక ఆగలేదు. పాత్ర మాత్రము మరింత హీనమైనది. బంకులో పోయనన్న పెట్రోలు కిరాణా కొట్టు ముంగిట బల్లపై, ఎండలో, నీళ్ళ సీసాలలో ఎఱ్ఱగా మెరయుచు, లీటరునకు పది రూపాయ లెక్కువకు అమ్ముడు పోవుచున్నది. కొట్టు లోపల పొయ్యి, వెలుపల పెట్రోలు. నడుమ కూర్చున్నది కొట్టువాని పసిబిడ్డ.

మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము గనుక చట్టమేమి చెప్పుచున్నదో చూచుట మా అలవాటు. 1934 నాటి పెట్రోలియం చట్టము పరాయి దొరల కాలమున పుట్టినదే యైనను నేటికిని అమలునందున్నది. అందలి ఎనిమిదవ సెక్షను చదివిన పాఠకులు ఆశ్చర్యపడుదురు. అమ్మకమునకు గాక స్వంత వాడుకకై 30 లీటర్ల వరకు పెట్రోలు ఉంచుకొనుటకు సామాన్యునకు లైసెన్సు అక్కరలేదు. అయితే ఆ పెట్రోలు గట్టి బిరడా గల గాజు, పింగాణి, లేక లోహపు పాత్రలోనే యుండవలయును. గాజుదైనను పింగాణిదైనను ఒక లీటరు మించరాదు. లోహపుదైన 25 లీటర్లు మించరాదు. ప్లాస్టిక్కు పేరు ఆ సెక్షనులో ఎక్కడను లేదు. ఆపై 2002 నాటి పెట్రోలియం నిబంధనలు, ఒక లీటరు మించిన పెట్రోలు పాత్ర ముఖ్య విస్ఫోటక నియంత్రణాధికారి ఆమోదించిన తీరుది కావలెననుచున్నవి. ఆ అధికారి కచేరి నాగపూరులో నున్నది.

అనగా చట్టము రెండు మార్గముల నడుమ మూడవ మార్గమును తొక్కినది. పోయవలదనియు అనలేదు, దేనిలో పడిన దానిలో పోయుమనియు అనలేదు, పాత్రను నిర్ణయించినది. తొంబది యేండ్ల క్రింద గ్రహించిన ఈ చిన్న సంగతిని నేటి మన యధికారులు మరచిరి. వారికి తెలిసినవి రెండే మాటలు: నిన్నటి వరకు 'పోయుడు', నేటినుండి 'పోయవలదు'. ఒక లీటరు గాజు సీసాకు చట్టము చోటిచ్చినది కదా యని వాదించువారుందురు. ఇచ్చినది, నిజమే. ఆ దినములలో గాజు సీసా యనగా మందపు గోడయు, బిగిసిన బిరడాయు గలది. దాని పేరు చెప్పి నేటి నీళ్ళ సీసాను సమర్థించుట, తాత గుఱ్ఱమెక్కెనని మనుమడు కట్టెగుఱ్ఱముపై పెండ్లికి బయలుదేరుట వంటిది.

ఇక ఈ ద్రవ్యము స్వభావమేమి? పెట్రోలు కాలదు, పెట్రోలు ఆవిరి కాలును. ఈ ఒక్క మాట మన పాఠశాలలలో పిల్లలకు బోధించియుండిన యెడల ఎన్నియో ఇండ్లు నిలిచియుండెడివి. సున్నాకు క్రింద 40 డిగ్రీల చలిలో సైతము, నిప్పురవ్వ తగిలిన అంటుకొనునంతటి ఆవిరిని పెట్రోలు విడుచును. మన రోహిణికార్తె ఎండలో దాని సంగతి చెప్పనేల? ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పొగవలె పైకి పోదు. పామువలె నేలబారున ప్రాకి, గడప దాటి, ఆవలి గదిలోని పొయ్యిని వెదకికొని, వచ్చిన దారినే మంటను వెంటబెట్టుకొని వచ్చును. నూరు పాళ్ళ గాలిలో ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ళ వరకు ఆవిరి కలిసిన చాలును, రవ్వ తగులగానే భగ్గుమనును. అందుచేతనే నిండు డబ్బాకంటె ఖాళీ డబ్బా ఎక్కువ ప్రమాదకరము. నిండు డబ్బాలో ఆవిరి చిక్కనై గాలికి తావుండదు. అడుగున నాలుగు చుక్కలు మిగిలిన డబ్బాలో గాలియు ఆవిరియు సరిపాళ్ళలో కలిసి, రవ్వకై కాచుకొని యుండును. ఖాళీ యే కదా యని పాత పీపాకు మాటు వేయించబోయి ప్రాణములు పోగొట్టుకొన్న పనివారి కథలు ప్రతి పట్టణమునను వినవచ్చును.

కిరసనాయిలు, డీజిలు ఇంతటి దుడుకువి కావు. చట్టము కూడ మంట యంటుకొను వేడిమిని బట్టి మూడు తరగతు లేర్పరచినది: 23 డిగ్రీలకు లోబడినది మొదటి తరగతి, అందు పెట్రోలు, 23 మొదలు 65 వరకు రెండవది, అందు కిరసనాయిలు, డీజిలు, అటుపై 93 వరకు మూడవది. ఈ తరగతులు కచేరి కాగితములకే గాని మాకెందుకని రైతు లనుకొనవలదు. నిన్న పెట్రోలు తెచ్చిన డబ్బాలో నేడు కిరసనాయిలు పోసిన, అడుగున మిగిలిన కొద్దిపాటి పెట్రోలే ఆ సాధువును దుడుకువానిగ మార్చును. స్టౌ ప్రేలినదని వ్రాసికొను కేసులలో కొన్నింటికి మూలము స్టౌ కాదు, డబ్బా.

సీసాకు మరొక పాపము కలదు. దానిని చూచి బిడ్డ మోసపోవును. దాహముతో ఆడుకొని వచ్చిన నాలుగేండ్ల పసివానికి, నీళ్ళ సీసాలోనిది నీరు కాదని యెవరు చెప్పవలయును? మన దేశపు ఆసుపత్రులలో పిల్లల వార్డు చూచిన వైద్యుడెవడైనను కిరసనాయిలు త్రాగిన బిడ్డల నెరుగును. అది కడుపులోకంటె ఊపిరితిత్తులలో చేయు హాని ఎక్కువ. తల్లి కంగారుపడి గొంతులో వ్రేలు పెట్టి కక్కించును. ఆ కక్కునందే చమురు ఊపిరిత్రోవ పట్టి బిడ్డను చంపును. కక్కింపరాదు, ఆసుపత్రికి ఎత్తుకొని పరుగెత్తవలయును. గొట్టము నోట పెట్టి బండి ట్యాంకు నుండి పెట్రోలు పీల్చు మన యువకులకును ఇదియే గతి పట్టవచ్చును.

మంచి డబ్బా యెట్లుండవలయునో లోకమునకు యుద్ధము నేర్పినది. రెండవ ప్రపంచ యుద్ధమున ఆఫ్రికా యెడారిలో ఇంగ్లీషు సైన్యము నాలుగు గ్యాలనుల పలుచని రేకు డబ్బాలలో పెట్రోలు మోసికొని పోయెడిది. మన తాతల యిండ్లలో నేయి, నీరు, బియ్యము నిలువచేసికొన్న కిరసనాయిలు డబ్బా ఆ కొలతదే. లారీ కుదుపులకు ఆ డబ్బాల అతుకులు విడి, పెట్రోలు ఇసుక పాలయ్యెడిది. శత్రువైన జర్మనీవాడు 1937 ప్రాంతములోనే ఉక్కురేకుతో 20 లీటర్ల డబ్బా నొకదానిని కల్పించియుండెను. ప్రక్కలు లోనికి నొక్కబడి వేడికి ఉబ్బుటకు వీలైనవి. అతుకు లోనికి దిగి వెల్డింగు చేయబడినది. మూత మీటతో బిగియును. పైని మూడు పిడులుండుటచే ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క పట్టి మోయవచ్చును. పిడుల క్రింద గాలి నిలుచు గూడు కలదు. నీటిలో పడినను డబ్బా తేలును. ఇంగ్లీషువారు సిగ్గు విడిచి శత్రువు డబ్బాలను పట్టుకొని వాడుకొనిరి, పిదప అచ్చముగ అవే చేయించుకొనిరి. జర్మనుల ఎగతాళి పేరు 'జెర్రీ' గనుక దానికి జెర్రీక్యాను అను పేరు నిలిచినది. మన యంగళ్ళలో మందుల కంపెనీ ఖాళీ ప్లాస్టిక్కు క్యానును సైతము ఆ పేరుతోనే పిలుచుచున్నారు. పేరు మిగిలినది, ఉక్కు పోయినది.

డబ్బా దొరికినంతనే పని ముగియదు. 2012 మార్చిలో ఇంగ్లండున ట్యాంకరు డ్రైవర్ల సమ్మె వచ్చునన్న భయము పుట్టగా, ఒక మంత్రి, ప్రతివారును ఒక జెర్రీక్యానులో పెట్రోలు దాచుకొనుడని సలహా చెప్పెను. కొలది దినములలో యార్కు పట్టణమున ఒక స్త్రీ తన వంటగదిలో, పొయ్యి వెలుగుచుండగా, పెట్రోలును ఒక పాత్రనుండి మరియొక పాత్రకు వంచుచు ఘోరముగ కాలినది. చదువుకొన్న దేశము, చట్టములున్న దేశము. అయినను డబ్బా చెప్పిన మంత్రి వాడుక చెప్పలేదు. అందుచే మా పాఠకులకు వాడుక కూడ చెప్పుచున్నాము, కొంత విసుగనిపించినను.

డబ్బాను బంకులో నేలపై దించి నింపుకొనవలయును. మోటారుసైకిలు సీటుపై నుంచి గాని, కారు వెనుక తివాసిపై నుంచి గాని నింపరాదు. పెట్రోలు ధారగా పడునప్పుడు పాత్రలో విద్యుత్తు చేరును; చలికాలమున ఉన్నిశాలువా విప్పునప్పుడు చిటపటలాడునదే యది. నేలపైనున్న లోహపు డబ్బానుండి అది నేలకు దిగిపోవును. సీటుపైనున్న ప్లాస్టిక్కు క్యానులో నిలిచి, రవ్వయై ఎగురును. గొట్టపు మూతిని డబ్బా అంచునకు ఆనించి, మెల్లగా పోయింపుడు. అంచువరకు నింపింపకుడు. పెట్రోలు ఒక్కొక్క డిగ్రీకి వేయింట ఒక పాలు ఉబ్బును. వేకువన 25 డిగ్రీలలో నింపిన 20 లీటర్లు మిట్టమధ్యాహ్నము ట్రాక్టరు తొట్టిలో 45 డిగ్రీలకు చేరిన యెడల 400 మిల్లీలీటర్లు పెరుగును. తావు లేని డబ్బా ఏమగును? నూటికి ఐదు పాళ్ళు ఖాళీ విడువవలయునన్న నిబంధన ఊరక పుట్టలేదు. ఇంట వంటగదిలోను, మంచము క్రిందను, మెట్ల క్రిందను దాచరాదు. గాలియాడు నీడను, పిల్లల చేతికందని చోటను, 'పెట్రోలు' అని పెద్ద అక్షరములు వ్రాసి యుంచుడు. నేడు బంకులో దొరకు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళ వరకు ఇథనాలు కలియుచున్నది. అది గాలిలోని తేమను పీల్చును గనుక మూత వదులుగ నున్న డబ్బాలో నెలలకొలది నిలువయుంచిన పెట్రోలు ఇంజనుకును చేటు. రైలులో తీసికొనిపోవు ఆలోచనయే వలదు; 1989 నాటి రైల్వే చట్టము 164వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు ఖైదు కలదు. మంట లేచినచో నీళ్ళు చల్లరాదు; పెట్రోలు నీటిపై తేలి మంటను నలుదిక్కులకు మోయును. ఇసుక చల్లుడు.

జనరేటరును గూర్చి మాత్రము మా స్వంత సిగ్గు నొకదానిని చెప్పక తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టిన పిమ్మట దినములకొలది కరెంటు లేదు. బంకుల యొద్ద క్యానులతో బారులు. మేమప్పుడొక సహాయ శిబిరమున వాలంటీర్లముగ నుంటిమి. మూడవ రాత్రి, నడుచుచున్న జనరేటరులో, ప్రక్కన కొవ్వొత్తి పెట్టుకొని, నీళ్ళ క్యానునుండి పెట్రోలు వంచుచున్న యువకుని చేయి పట్టుకొని ఆపితిమి. "ఏం కాదు లెండి సార్, నిన్న మీరు కూడా ఇట్లాగే పోశారు గదా" యని అతడు నవ్వెను. నిజమే. ముందు రాత్రి ఆ కొవ్వొత్తి వెలుగున పోసినది మేమే. మేము కాలకపోవుట మా తెలివి వలన కాదు. ఇంజను ఆపి, అది చల్లారువరకు కాచుకొని, వెలుగునకు టార్చిలైటు పట్టి పోయవలెనని ఆ రాత్రి మొదలు నియమము పెట్టుకొంటిమి. రోగుల కొరకు వెలుగుచున్న దీపము కావు గంట ఆగుట ఆ యువకునకు నచ్చలేదు. అతని కోపమును మేము తప్పుపట్టము.

ఇప్పుడు మా ప్రతివాదుల మాట విందము. ఇనుపడబ్బా ఇచ్చిన హంతకుడు దానితో హత్య చేయడా యని యొకరు. చేయవచ్చును. సీసా నిషేధించిన హంతకుడు ఆగెనా? తన మోటారుసైకిలు ట్యాంకునకు ఒక రబ్బరు గొట్టము తగిలించినచో వానికి కావలసినంత దొరకును. హత్యను ఆపునది పోలీసు, న్యాయస్థానము; డబ్బా ఆపునది ప్రమాదమును. రెండింటిని కలగాపులగము చేసి, హంతకుని పేరిట రైతును శిక్షించుట ఏ నీతి? పేదవాడు ఇనుపడబ్బా కొనగలడా యని మరియొకరు. ఇది బరువైన ప్రశ్న; దీనికి మా జవాబు ప్రతి వంటయింటను కూర్చున్నది. గ్యాసుబండ! పెట్రోలుకంటె ఏమాత్రము సాధువు కాని ద్రవ్యమును ఉక్కుబండలో నింపి, డిపాజిటు కట్టించుకొని, పరీక్షించి, మార్చి మార్చి ఇంటింటికి చేర్చు ఏర్పాటును ఈ చమురు కంపెనీలే చేసినవి. 1999లో ఆంధ్రదేశమున దీపము పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము పేదయిండ్లకు ఆ బండను చేర్చినవి. కోట్ల బండల లెక్క వ్రాయగలిగినవారికి ఊరికి యాబది డబ్బాల లెక్క అసాధ్యమా? ఆమోదముద్ర గల ఐదు, పది, ఇరువది లీటర్ల డబ్బాలు ప్రతి బంకులోను డిపాజిటుపై ఇయ్యవలయును. అతుకు విడినది తెచ్చిన మార్చి మరియొకటి ఇయ్యవలయును. డబ్బాపై సంఖ్య యుండవలయును. ఆ సంఖ్యకు ఎదుట వాడుకరి పేరు వ్రాసికొనిన పోలీసువారి భయము కూడ సగము తీరును. బంకులలో అత్యధికభాగము ప్రభుత్వరంగ కంపెనీలవే గనుక ఆజ్ఞ వెదకికొనుటకు సముద్రములు దాటి పోనక్కరలేదు.

ఇతర దేశములు ఊరకుండలేదు. బ్రిటనులో 2014 నాటి నిబంధనల ప్రకారము ప్లాస్టిక్కు పాత్ర 10 లీటర్లకు, లోహపుది 20 లీటర్లకు పరిమితము. ఆ ప్లాస్టిక్కు కూడ పెట్రోలుకై ప్రత్యేకముగ చేసి పరీక్షించినది. అమెరికావారు 2020లో చట్టము చేసి, డబ్బా మూతిలో మంటను లోనికి పోనీయని జల్లెడ వంటి సాధనము తప్పనిసరి చేసిరి; 2023 నుండి అది అమలునకు వచ్చినది. అచట పెట్రోలు డబ్బా ఎఱుపు, డీజిలుది పసుపు, కిరసనాయిలుది నీలము. అక్షరము రానివాడు సైతము పొరపడడు. మన దేశమున రంగు సంగతి అటుండగా, డబ్బాయే లేదు.

గత సంవత్సరము కార్తీకమాసమున ఒక వృద్ధ రైతు మా కచేరికి వచ్చెను. ఆయన పవరు స్ప్రేయరునకు పెట్రోలు కావలయును. బంకువాడు సీసాలో పోయననెను. "చట్టమేమిటో చెప్పండి ప్లీడరు గారూ, ఆ ప్రకారమే నడుచుకుంటాను" అనెను. ఇట్టి మాట చెప్పు కక్షిదారుడు ఏడాదికొక్కడు దొరకును. మా మండలములోని బంకులన్నియు తిరిగితిమి. అమ్మకమునకు డబ్బా ఒక్కచోటను లేదు. తుదకు పట్టణమునుండి ఆమోదముద్ర గల పది లీటర్ల ఉక్కుడబ్బా తెప్పించి, సెక్షను నకలు జేబున పెట్టుకొని, ఆయనతో కూడ బంకునకు పోతిమి. అచటి గుమాస్తా డబ్బాను చూచెను, నకలును చూచెను, మమ్ములను చూచెను. "డబ్బాల్లో పోయొద్దని ఆర్డరండి" అనెను. ఏ యార్డరు, ఏ తేదీది, ఎవరు ఇచ్చినదని యడుగగా గోడవైపు చేయి చాపెను. గోడపై చీటి అంటించిన జిగురు మరక మాత్రమున్నది.

తిరిగి వచ్చుచు కొట్టు ముంగిట ఆగితిమి. లీటరు సీసా సిద్ధముగ నున్నది. ముసలాయన మావంక చూచెను, మేము నేలవంక చూచితిమి. వరికి తెగులు పట్టియున్నది; ఆయన ఇంకొక దినము ఆగజాలడు. సీసా కొనుక్కొని వెళ్ళెను. ఉక్కుడబ్బా మా కచేరిలో బీరువా ప్రక్కన నున్నది. దానిని నింపు బంకు ఈ జిల్లాలో నెచటనున్నదో జిల్లా సరఫరా అధికారిగారు తెలియజేసిన యెడల, వచ్చు సంచికలో ఈ పుటయందే ప్రకటింతుము.